ఇంట చేసుకొనే ఎల్.సి.డి. ప్రొజెక్టరు: గోడ మీది బొమ్మలో చుక్కల లెక్క

పెద్ద తెర మీద బొమ్మ చూడాలన్న కోరిక సరిహద్దు పల్లెలకు కొత్తది కాదు. తోలుబొమ్మలాట తెరల ముందు తెల్లవార్లూ కూర్చున్న తరమొకటి, టూరింగ్ టాకీసుల టెంట్లలో నేల మీద కూర్చున్న తరమొకటి చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో గడిచిపోయాయి. నేటి కుటుంబాల కోరిక వేరు. పిల్లల పాఠాలు, పండుగనాటి సినిమా, క్రికెట్ పోటీ ఇంటి గోడ మీదనే పెద్దగా కనబడాలి. ఖర్చు మాత్రం కొద్దిగా కావాలి. ఈ కోరికను తీర్చే మార్గాలు రెండు. పాత కంప్యూటర్ మానిటరు నుండి ఎల్.సి.డి. పలకను తీసి స్వయంగా ప్రొజెక్టరు చేసుకోవడం ఒకటి. అదే పద్ధతిలో తయారై చౌకగా అమ్ముడయ్యే చిన్న ప్రొజెక్టరును కొనుక్కోవడం రెండవది.

రెండు మార్గాలలోనూ డబ్బు వృథా అయ్యేది సాధారణంగా ఒకే చోట. బొమ్మ పెద్దదిగా పడుతుంది, రంగులు కనబడతాయి, సినిమా బాగానే ఉన్నట్లు తోస్తుంది. పాఠం వేసిన నాడు మాత్రం అక్షరాలు చదవరావు. ‘పథం’ అని ఉన్నదానిని పిల్లవాడు ‘పదం’ అని నోటు పుస్తకంలో ఎక్కించుకొంటాడు. లోపం పిల్లవాని కంటిలో లేదు, గోడలోనూ లేదు. పలకలోని చుక్కల సంఖ్యలో ఉన్నది. ఈ సంఖ్యనే రిజల్యూషన్ అంటారు. ఇది ఎంత ఉండాలి, ఎక్కడ తగ్గిపోతుంది, కొనేముందు ఎలా తెలుసుకోవాలి అన్నవి ఈ వ్యాసంలోని విషయాలు.

చుక్క అంటే ఏమిటి?

ఇంటి ముంగిట వేసే చుక్కల ముగ్గు ఈ విషయానికి మంచి పోలిక. ఏడు చుక్కల ముగ్గులో ఎంత పనితనం చూపవచ్చునో ఆ ఏడు చుక్కలే నిర్ణయిస్తాయి. అదే ముగ్గును దేవాలయం ముందు విశాలమైన స్థలంలో, చుక్కకూ చుక్కకూ మూరెడు దూరం పెట్టి వేసినా అది ఏడు చుక్కల ముగ్గే అవుతుంది. స్థలం పెరిగింది కాని చుక్కలు పెరగలేదు. ప్రొజెక్టరు కూడా ఇంతే. పలకలో ఎన్ని చుక్కలున్నవో గోడ మీద అన్నే పడతాయి. లెన్స్ వాటిని పెద్దవి చేయగలదు. కొత్త చుక్కలను పుట్టించలేదు. ఈ చుక్కనే పిక్సెల్ అంటారు. 1024×768 అంటే అడ్డంగా 1024 చుక్కలు, నిలువుగా 768 వరుసలు అని అర్థం.

ఎల్.సి.డి. పలకకు స్వయంగా వెలుగు లేదు. వెనుక నుండి వచ్చిన కాంతిని కొన్ని చోట్ల విడిచి, కొన్ని చోట్ల ఆపడమే దాని పని. తోలుబొమ్మలాటలో దీపం వెనుక ఉంటుంది, రంగులద్దిన పలుచని తోలు నడుమ ఉంటుంది, చూసేవారు తెల్లని తెరకు ఇవతల ఉంటారు. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట నేటికీ ఆ కళకు పేరుపొందిన ఊరు. అక్కడి కళాకారులు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం లభించింది. తోలుబొమ్మలో రంగు స్థిరంగా ఉంటుంది. ఎల్.సి.డి.లో మాత్రం ప్రతి చుక్కా ఒక చిన్న కిటికీ. విద్యుత్తు మారినప్పుడల్లా ఆ కిటికీ తెరుచుకొంటుంది, మూసుకొంటుంది.

ఒక్కొక్క చుక్కలో నిజానికి మూడు కిటికీలుంటాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. మూడూ కలిసి కంటికి ఒక రంగుగా కనబడతాయి. ఈ మూడింటిని విడివిడిగా లెక్కపెట్టడం వలన కలిగే మోసాన్ని ముందు చూద్దాం.

ఏ పలకకు ఎన్ని చుక్కలు?

2000 తరువాతి తొలి సంవత్సరాలలో 15 అంగుళాల ఎల్.సి.డి. మానిటర్లు అందుబాటు ధరలకు వచ్చాక, ఇంట ప్రొజెక్టరు చేసుకొనే అభిరుచి అమెరికా, ఐరోపా దేశాలలో వ్యాపించింది. వాడిన మానిటర్లు బెంగళూరు ఎస్.పి. రోడ్డు వంటి సంతలలో దొరికే కాలంలో ఇక్కడి యువకులకూ అది సాధ్యమైన పనే. వాడుకలో ఉన్న పలకలు, వాటి చుక్కల లెక్క ఇలా ఉంటాయి:

– కారులలో, చిన్న టీవీలలో అమర్చిన 7 అంగుళాల పాత పలక: 480×234. మొత్తం 1,12,320 చుక్కలు.
– తరువాతి 7 అంగుళాల పలక, అనేక చౌక ప్రొజెక్టర్లలోని పలక: 800×480. మొత్తం 3,84,000.
– 15 అంగుళాల పాత మానిటరు: 1024×768. మొత్తం 7,86,432.
– కొంత మెరుగైన చిన్న ప్రొజెక్టర్లు: 1280×720. మొత్తం 9,21,600.
– 17 అంగుళాల పాత మానిటరు: 1280×1024. మొత్తం 13,10,720.
– పూర్తి హెచ్.డి.: 1920×1080. మొత్తం 20,73,600.

పోలిక కొరకు, మన దేశంలో వాడిన వీసీడీలో బొమ్మ 352×288, డీవీడీలో 720×576. డీవీడీ సినిమా వరకే చూసేవారికి 1024×768 పలక చక్కగా సరిపోతుంది. వెడల్పాటి సినిమా బొమ్మ ఆ పలక మీద 1024×576గా పడుతుంది; అంటే డీవీడీలోని 576 వరుసలకూ చోటు దొరుకుతుంది.

ఇక మోసం సంగతి. 7 అంగుళాల పాత పలకను అమ్మేటప్పుడు ‘3,36,960 చుక్కలు’ అని వ్రాసేవారు. 480ని 234తో గుణించి, దానిని మరల 3తో గుణిస్తే ఈ సంఖ్య వస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కిటికీలను విడివిడిగా లెక్కించారన్నమాట. అంకె అబద్ధం కాదు, కాని అక్షరం చదవడానికి అక్కరకు వచ్చే చుక్కలు అందులో మూడవ వంతే.

ఇప్పటి చౌక ప్రొజెక్టర్ల పెట్టెల మీద ఇంకొక మాట కనబడుతుంది: ‘1080పి సపోర్ట్’, ‘4కె సపోర్ట్’. అంత పెద్ద బొమ్మను పంపితే యంత్రం స్వీకరిస్తుందని మాత్రమే దీని అర్థం. స్వీకరించిన తరువాత తన పలకలో ఎన్ని చుక్కలున్నవో అన్నింటికి కుదించివేస్తుంది. 1920 చుక్కల బొమ్మను 800 చుక్కలలో ఇరికిస్తే, రెండు చుక్కలకు పైబడిన సమాచారం ఒక్క చుక్కలో కలిసిపోతుంది. కనుక అడగవలసిన ప్రశ్న ‘ఏది సపోర్ట్ చేస్తుంది’ అన్నది కాదు. ‘నేటివ్ రిజల్యూషన్ ఎంత’ అన్నది. పలకలో సహజంగా ఉన్న చుక్కల సంఖ్యకే నేటివ్ రిజల్యూషన్ అని పేరు.

గోడ మీద ఒక్కొక్క చుక్క ఎంత?

8 అడుగుల వెడల్పు తెరను తీసుకొందాం. అది 2438 మిల్లీమీటర్లు. దానిని అడ్డంగా ఉన్న చుక్కలతో భాగిస్తే ఒక్కొక్క చుక్క వెడల్పు వస్తుంది. 480 చుక్కలైతే 5.1 మి.మీ., 800 అయితే 3 మి.మీ., 1024 అయితే 2.4 మి.మీ., 1280 అయితే 1.9 మి.మీ., 1920 అయితే 1.3 మి.మీ.

ఆరోగ్యమైన కన్ను ఒక డిగ్రీలో 60వ వంతు కోణం వరకు రెండు చుక్కలను విడిగా గుర్తించగలదు. అంతకన్నా చిన్నవైతే అవి కలిసిపోతాయి. లెక్క కొరకు ఒక సులభ సూత్రం ఉన్నది: చుక్క ఎన్ని మిల్లీమీటర్లో దానిని 11తో గుణిస్తే, అన్ని అడుగుల దూరం దాటాక చుక్కలు విడిగా కనబడవు. ఆ ప్రకారం 8 అడుగుల తెరలో,

– 480 చుక్కలు: 56 అడుగుల వరకు చుక్కలు కనబడతాయి.
– 800 చుక్కలు: 33 అడుగుల వరకు.
– 1024 చుక్కలు: 26 అడుగుల వరకు.
– 1280 చుక్కలు: 21 అడుగుల వరకు.
– 1920 చుక్కలు: 14 అడుగుల వరకు.

పల్లె ఇంటి నడవలో 56 అడుగుల దూరం ఎక్కడిది? అందుకే 480 చుక్కల పలకతో చేసిన ప్రొజెక్టరు ముందు ఎక్కడ కూర్చున్నా బొమ్మ దోమతెర గుండా చూస్తున్నట్లుంటుంది. చుక్కకూ చుక్కకూ నడుమ సన్నని తీగలకు చోటు విడవవలసి ఉంటుంది. ఆ తీగలు నల్లని జాలీగా గోడ మీద పడతాయి. బొమ్మ పెద్దదైన కొలదీ జాలీ కన్నాలూ పెద్దవవుతాయి.

తెర వెడల్పు తగ్గిస్తే చుక్క చిన్నదవుతుంది. 800 చుక్కల ప్రొజెక్టరును 8 అడుగులకు బదులు 5 అడుగులకే పరిమితం చేస్తే చుక్క 1.9 మి.మీ.కు దిగుతుంది, అది 8 అడుగుల తెర మీది 1280 చుక్కల ప్రొజెక్టరుతో సమానం. వెలుగు కూడా చిక్కబడుతుంది. చౌక ప్రొజెక్టరు ఇప్పటికే ఇంటిలో ఉన్నవారికి ఖర్చు లేని మొదటి మార్గం ఇదే.

తెలుగు, కన్నడ అక్షరాల అవసరం

ఇంగ్లీషు అక్షరాన్ని అడ్డంగా 5, నిలువుగా 7 చుక్కలలో గుర్తుపట్టేటట్లు చూపవచ్చు. రైల్వే స్టేషన్లలో, బస్సులలో వెలిగే పాతకాలపు చుక్కల బోర్డులు ఇందుకు నిదర్శనం. మన అక్షరానికి అది చాలదు. ‘లక్ష్మి’ అన్న పేరులోని రెండవ అక్షరాన్నే చూడవచ్చు. నడుమ క, పైన గుడి, క్రింద షకార మకారాల ఒత్తులు. పైన ఒక అంతస్తు, నడుమ ఒకటి, క్రింద ఒకటి. ఒక్కొక్క అంతస్తుకు 8 చుక్కలు వేసుకొన్నా 24 చుక్కల ఎత్తు కావాలి. పంక్తికీ పంక్తికీ నడుమ ఖాళీ కలుపుకొంటే 36.

కన్నడ లిపి సంగతీ ఇంతే. ఒత్తక్షరం క్రిందికి దిగుతుంది, గుణింతం పైకి పోతుంది. పైగా కన్నడంలో ‘సూర్య’ వంటి మాటలలోని పొల్లు రకారాన్ని అక్షరం తరువాత అర్కావొత్తుగా వ్రాస్తారు. పాత తెలుగు పుస్తకాలలోని వలపలగిలక వంటిదే అది. దాని ఆకారం కన్నడ అంకె తొమ్మిదిని పోలి ఉంటుంది. చుక్కలు తక్కువైతే అది ఒత్తో, అంకెయో తెలియదు. ఇంట తెలుగు, బడిలో కన్నడం చదివే సరిహద్దు పిల్లలకు రెండు లిపులలోనూ ఒకే చిక్కు ఎదురవుతుంది.

ద – ధ, డ – ఢ, ప – ఫ అన్న జంటలలో భేదమంతా క్రింద ఉన్న ఒక చిన్న గీటులోనే ఉన్నది. కన్నడంలోనూ ఇదే పద్ధతి. థకారానికి కడుపులో ఒక చుక్క కూడా ఉండాలి. ఆ గీటు, ఆ చుక్క కనబడకపోతే పథం పదమవుతుంది, ఫలము పలమవుతుంది. పెద్దలు సందర్భాన్ని బట్టి సరిదిద్దుకొని చదువుకొంటారు. మాటను మొదటిసారి నేర్చుకొనే పిల్లలకు ఆ ఆధారం లేదు. తెర మీద ఏది కనబడితే అదే వారికి సరియైన రూపం.

36 చుక్కల లెక్కన ఒక్కొక్క పలక మీద ఎన్ని పంక్తులు పడతాయో చూద్దాం. 234 వరుసల పలక మీద 6. 480 మీద 13. 720 మీద 20. 768 మీద 21. 1080 మీద 30. ఇవి గరిష్ఠ సంఖ్యలు. అక్షరం ముచ్చటగా కనబడాలంటే ఇందులో సగమే వేయడం మేలు. ఆ విధంగా చూస్తే 234 వరుసల పలక మీద మూడు పంక్తులకు మించి పాఠం పట్టదు. పద్యం నాలుగు పాదాలు కూడా ఒక్కసారిగా చూపడం కష్టం.

దూరం దాచేది చుక్కలనే కాదు

‘దూరంగా కూర్చుంటే చుక్కలు కనబడవు గదా’ అని కొందరు సమాధానపడతారు. నిజమే. అయితే దూరం చుక్కలను దాచినట్లే ఒత్తులనూ దాచివేస్తుంది. 30 అడుగుల దూరాన కూర్చున్న వారు సుఖంగా చదవాలంటే గుణింతం, ఒత్తు కాక నడిమి అక్షరమే సుమారు 4 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. 15 అడుగులకు 2 సెంటీమీటర్లు చాలును. పై లెక్క ప్రకారం పంక్తి మొత్తం నడిమి అక్షరానికి నాలుగున్నర రెట్లు, అంటే 30 అడుగుల వారికి 18 సెంటీమీటర్లు. 6 అడుగుల ఎత్తు తెర మీద అటువంటివి 10 పంక్తులే పడతాయి. పలకలో ఇరవై లక్షల చుక్కలున్నా ఈ పది పంక్తులు పదకొండు కావు.

దీని నుండి తేలే విషయం ముఖ్యమైనది. ముందు వరుసల వారికి కావలసినది ఎక్కువ చుక్కలు. వెనుక వరుసల వారికి కావలసినది పెద్ద అక్షరం. 1024×768 పలక మీద 10 పంక్తులు వేస్తే ఒక్కొక్క పంక్తికి 76 చుక్కలు దొరుకుతాయి. కనీస అవసరమైన 36కు రెట్టింపు. కనుక 8 అడుగుల తెర, 30 అడుగుల గది ఉన్న చోట పాఠాలకు 15 అంగుళాల పాత మానిటరు పలక చాలును. మిగిలిన డబ్బును మంచి లెన్స్ మీద, వెలుగు మీద, చీకటి పరదాల మీద వెచ్చించడం వివేకం.

ఇంటి గదిలో లెక్క వేరు. 6 అడుగుల తెరకు 12 అడుగుల దూరంలో కూర్చున్నప్పుడు కన్ను 1.1 మి.మీ. చుక్కను గుర్తించగలదు. అంటే అడ్డంగా సుమారు 1650 చుక్కల వరకు భేదం తెలుస్తుంది. అక్కడ 1280 చుక్కలకూ 800 చుక్కలకూ తేడా ఇంటిల్లిపాదికీ కనబడుతుంది.

ఉన్న చుక్కలు ఎక్కడ పోతాయి?

పలక మంచిదైనా గోడ మీద అక్షరం మసకగా పడడానికి అనేక కారణాలుంటాయి.

మొదటిది, కంప్యూటర్ పంపే బొమ్మ కొలత. 1024×768 పలకకు సరిగ్గా 1024×768 బొమ్మనే పంపాలి. 1280 చుక్కల బొమ్మను పంపితే ఐదు చుక్కలు నాలుగింటిలో సర్దుకోవాలి. సన్నని గీత రెండు చుక్కల నడుమ పడి బూడిదరంగుకు మారుతుంది. ఒత్తులు మొట్టమొదట చెడేది ఇక్కడే. కంప్యూటర్ డిస్‌ప్లే సెట్టింగులలో ఈ కొలతను సరిచేయడానికి పైసా ఖర్చు లేదు.

రెండవది లెన్స్. 15 అంగుళాల పలకలో ఒక చుక్క సుమారు 0.3 మి.మీ. ఉంటుంది. ఇది పెద్ద చుక్కే. మూడు గాజు బిళ్లలు కలిపిన సాధారణ ట్రిప్లెట్ లెన్స్ దానిని చక్కగా చూపగలదు. ఒంటి భూతద్దం మాత్రం నడుమ స్పష్టంగా, అంచులలో మసకగా, రంగుల అంచులతో చూపుతుంది. 320 మి.మీ. నాభ్యంతరం గల లెన్స్‌తో 15 అంగుళాల పలకను ఎనిమిది రెట్లు, అంటే 8 అడుగుల వెడల్పుకు పెంచాలంటే, పలక నుండి లెన్స్ 360 మి.మీ. దూరంలోను, గోడ నుండి లెన్స్ 2880 మి.మీ., అంటే సుమారు తొమ్మిదిన్నర అడుగుల దూరంలోను ఉండాలి. ఈ కొలతలలో కొద్ది మిల్లీమీటర్ల తేడా వచ్చినా ఫోకస్ చెడుతుంది. అందువలన లెన్స్‌ను ముందుకు వెనుకకు జరుపుకొనే ఏర్పాటు తప్పనిసరి.

మూడవది ఫ్రెనెల్ పలకలు. దీపపు వెలుగును పలక అంతటా సమంగా పరచి, తిరిగి లెన్స్‌లోకి చేర్చే ఈ ప్లాస్టిక్ పలకల మీద వలయాకారపు సన్నని గాళ్లుంటాయి. వాటిని ఎల్.సి.డి. పలకకు మరీ ఆనించి పెడితే ఆ గాళ్లు, చుక్కల వరుసలు కలిసి గోడ మీద అలలవంటి చారలు పుడతాయి. నడుమ ఒకటి రెండు అంగుళాల ఎడం ఇస్తే గాళ్లు ఫోకస్ తప్పి చారలు తగ్గుతాయి.

నాలుగవది వాలు. ప్రొజెక్టరును క్రింద పెట్టి పైకి వాల్చితే బొమ్మ పైభాగం వెడల్పై, పైనా క్రిందా ఒకేసారి ఫోకస్ కుదరదు. కొన్ని యంత్రాలలో బటను నొక్కి ఆ వాలును సరిచేయవచ్చు. అయితే అది పలకలోని కొన్ని చుక్కలను వదులుకొని చేసే సవరణ. బల్ల ఎత్తు పెంచి యంత్రాన్ని తెరకు ఎదురుగా నిలపడమే ఉత్తమం.

ఐదవది, పలకను మానిటరు నుండి వేరు చేసే పని. పలక అంచున అతికి ఉన్న సన్నని పట్టీ కేబుళ్లు మడతపడినా, ఊడినా ఆ చోటి చుక్కల వరుస మొత్తం పనిచేయదు. గోడ మీద అది పై నుండి క్రింది వరకు ఒక గీతగా మిగిలిపోతుంది. దానిని ఇంట బాగుచేయడం సాధ్యం కాదు. పలక పైపొర గరుకుగా ఉంటే వెలుగు కొంత చెదురుతుంది. అయినా దానిని ఒలవబోయి పలకను పాడుచేసుకోవడం కన్నా అలాగే ఉంచడం మేలు.

సెల్‌ఫోను, చెప్పుల పెట్టె

చెప్పుల పెట్టెలో సెల్‌ఫోను పెట్టి, ఎదుట భూతద్దం అమర్చే ప్రయోగం పిల్లలకు ఎంతో ఇష్టం. ఫోనులో 1920×1080 చుక్కలుంటాయి గనుక బొమ్మ గొప్పగా ఉండాలని వారి ఆశ. 5.5 అంగుళాల అటువంటి ఫోనులో ఒక చుక్క సుమారు 0.06 మి.మీ. మాత్రమే. 15 అంగుళాల పలకలోని చుక్కతో పోలిస్తే ఇది ఐదింట ఒక వంతు. దానిని విడదీసి చూపడానికి లెన్స్ ఐదు రెట్లు నిశితంగా ఉండాలి. భూతద్దానికి ఆ శక్తి లేదు. చుక్కలు ఫోనులో ఉన్నవి, గోడను చేరవు. పైగా ఫోను వెలుగు స్వల్పం. కాంతి పాఠానికి ఇది చక్కని ప్రయోగం. అక్షరాలు చదవడానికి పనికిరాదు.

వెలుగు, వేడి, జాగ్రత్తలు

రంగుల ఎల్.సి.డి. పలక తన మీద పడిన వెలుగులో పదింట ఒక వంతు కన్నా తక్కువే అవతలికి పంపుతుంది. మిగిలినదంతా వేడిగా మారుతుంది. ఒకే కొలత పలకలో చుక్కలు పెరిగిన కొలదీ తీగలు ఆక్రమించే చోటు పెరిగి వెలుగు ఇంకా తగ్గుతుంది. కనుక ఎక్కువ చుక్కలు కావాలంటే ఎక్కువ వెలుగు, దానితో ఎక్కువ వేడి. పలక మితిమీరి కాగితే నల్లబడి బొమ్మ మాయమవుతుంది; తరచూ కాగితే శాశ్వతంగా చెడుతుంది. పలకకు ఇరువైపులా గాలి ఆడేటట్లు ఫ్యాన్లు ఉండాలి. దీపం ఆర్పిన తరువాత కూడా అవి కొన్ని నిమిషాలు తిరగాలి.

పూర్వపు నమూనాలలో 250 నుండి 400 వాట్ల మెటల్ హాలైడ్ దీపం వాడేవారు. అది వెలిగే క్షణంలో ఇగ్నైటరు వేల వోల్టుల విద్యుత్తును పుట్టిస్తుంది. పై గాజు పగిలితే కంటికి, చర్మానికి హాని చేసే అతినీలలోహిత కిరణాలు వెలువడతాయి. నేడు 50 – 100 వాట్ల ఎల్.ఇ.డి. దీపం దొరుకుతుంది గనుక ఇంటి పనికి అదే క్షేమం. పాత మానిటరు వెనుక దీపాలను నడిపే ఇన్వర్టరు బోర్డులో కూడా వందల వోల్టులుంటాయి. విద్యుత్ పని తెలిసిన పెద్దలు ప్రక్కన లేకుండా పిల్లలు ఈ పెట్టెను విప్పరాదు.

కొనేముందు చేయవలసిన పరీక్ష

గౌరిబిదనూరు తాలూకా హోసూరులో పుట్టి, బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతి అయిన భౌతికశాస్త్రవేత్త హెచ్. నరసింహయ్య (1920 – 2005), ప్రశ్నించకుండా దేనినీ అంగీకరించరాదని జీవితాంతం బోధించారు. ఆ మాట ప్రొజెక్టరు పెట్టె మీది అంకెకూ వర్తిస్తుంది. దుకాణంలోనే చేయదగిన పరీక్షలు మూడు.

1. కంప్యూటరులోని పెయింట్ వంటి ప్రోగ్రాములో, అమ్మేవారు చెప్పిన కొలతకే ఒక బొమ్మ తయారు చేసుకోవాలి. అందులో ఒక చుక్క వెడల్పు నల్ల గీత, ప్రక్కనే ఒక చుక్క వెడల్పు తెల్ల గీత, వరుసగా వేయాలి. కంప్యూటరును అదే కొలతకు మార్చి, బొమ్మను పెంచకుండా, కుదించకుండా తెర నిండా చూపాలి. గోడకు దగ్గరగా వెళ్లి చూస్తే గీతలు విడివిడిగా కనబడాలి. అంతా బూడిదరంగుగా గాని, అలలుగా గాని కనబడితే, ఫోకస్ సరిగా ఉన్న పక్షంలో, చెప్పిన అంకె నిజం కాదు.

2. లక్ష్మి, పథం – పదం, ఫలము – పలము, కన్నడంలో అర్కావొత్తు గల ‘సూర్య’ అన్న మాటలను తెర మీద పది పంక్తులు పట్టే కొలతలో వేయాలి. నడుమనే కాక నాలుగు మూలలలోనూ వేయాలి. లెన్స్ లోపం మూలలలోనే బయటపడుతుంది.

3. ఇంటిలో వెనుక కూర్చునేవారి దూరాన్ని ముందే కొలుచుకొని వెళ్లి, అంత దూరాన నిలబడి, ఆ మాటలను ముందుగా చూడని వారితో చదివించాలి. ఏమి వ్రాసి ఉన్నదో తెలిసినవారి కన్ను లేని ఒత్తును కూడా చూస్తుంది.

ముక్తాయింపు

ప్రొజెక్టరు చేసుకోవడంలో గాని, కొనడంలో గాని అంగుళాలు, వాట్లు, పెట్టె మీది పెద్ద అంకెలు రెండవ విషయాలు. మొదట తెలియవలసినవి మూడే: పలకలో నిజంగా ఉన్న చుక్కలెన్ని, తెర వెడల్పు ఎంత, చివర కూర్చునే వారి దూరమెంత. ఈ మూడు అంకెలను ఒక కాగితం మీద వేసుకొని 11 లెక్కతో సరిచూసుకొన్న కుటుంబం మోసపోదు. పాఠాలకు 800×480 కన్నా తక్కువ పలకను తీసుకోరాదు. పెద్ద గదికి 1024×768 చాలును. చిన్న గదిలో దగ్గరగా చూసేవారికి 1280×720 అనుకూలం. సినిమాలో ఒక చుక్క పోయినా కథ తెలుస్తుంది. పాఠంలో థకారపు చుక్క పోతే మాటే మారిపోతుంది.